నల్లరేగడి మీద ఇల్లు

కిందటేడు ఫిబ్రవరిలో మేం చూసిన పద్నాలుగో ఇల్లు అది. డాలస్‌కి ఉత్తరాన, 1986లో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు. తూర్పు ముఖం. వంటింటికి పెద్ద కిటికీ. పిల్లల స్కూలు నడిచి వెళ్ళేంత దూరం. పడమటి వైపు నీడనిచ్చే ఓక్ చెట్టు. ధర చుట్టుపక్కల ఇళ్ళకంటే కాస్త తక్కువే. ఎందుకు తక్కువో ఏజెంటు పంపిన కాగితాల్లో తెలిసింది. ఇల్లు అమ్మేవాళ్ళు నింపి ఇవ్వాల్సిన ఫారంలో "గతంలో పునాది రిపేర్లు జరిగాయా?" అన్న చోట అవునని ఉంది. 2012లో ఇంటికి దక్షిణం, పడమర వైపుల 18 పియర్లు వేయించారట.

మావారు ల్యాప్‌టాప్ మూసేశారు. "పద, ఇంకోటి చూద్దాం" అన్నారు, అంతే. హైదరాబాదు నుంచి అత్తయ్య వీడియో కాల్లో విని, "పునాది కదిలిన ఇంట్లో ఎవరన్నా పాలు పొంగిస్తారా అమ్మా?" అన్నారు. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అడిగితే అర్ధగంటలో ఏడుగురు వద్దంటే వద్దన్నారు. పన్నెండేళ్ళుగా దాచుకున్న డబ్బు. ముప్ఫయ్యేళ్ళ అప్పు. వాళ్ళ భయం నాకు అర్థం కాకపోలేదు.

కానీ ఆ "అవును" చూడగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు మట్టి గురించి చెప్పుకోవాలి.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. పత్తి, మిరప పండే నల్లరేగడి. ఎండాకాలం పొలంలో నెర్రెలు పడితే, మా చిన్నప్పుడు అందులో చెయ్యి పెట్టి ఎంత లోతుకి దిగుతుందో పందేలు వేసుకునేవాళ్ళం. పాములుంటాయని అమ్మ తిట్టేది. అదే మట్టి నాలుగు వానలు పడేసరికి కాలిని పట్టుకుని వదిలేది కాదు. కాలు బయటికి వచ్చేది, చెప్పు లోపలే ఉండిపోయేది. భూగోళం పుస్తకాల్లో నల్లమట్టికి 'రెగుర్' అని ఇంగ్లీషు పేరు చదువుకున్నాం కదా, అది మన 'రేగడి' నుంచి వెళ్ళిందే. ప్రపంచానికి మనం ఇచ్చిన మాటల్లో ఇదొకటి అని చదివినప్పుడు భలే గర్వపడ్డాను. ఆ మట్టి మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళకి అంత గర్వమేమీ ఉండదనుకోండి.

టెక్సస్ వచ్చిన మొదటి వేసవిలో అద్దె ఇంటి పెరట్లో గోడ వారన నెర్రె చూసి నేను నవ్వుకున్నాను. పదివేల మైళ్ళు వచ్చి మళ్ళీ రేగడి మీదే పడ్డానా అని. ఇక్కడ దీన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. పైన రెడ్ రివర్ దగ్గర్నుంచి కింద శాన్ ఆంటోనియో దాకా ఒక నల్లటి పట్టీలా ఉంటుంది. డాలస్ ఆ పట్టీ మీదే ఉంది. ఇక్కడా ఒకప్పుడు పత్తే. ఆ పత్తి చేలే తర్వాత ఇళ్ళ స్థలాలయ్యాయి, మన గుంటూరు చుట్టుపక్కల అయినట్టే.

ఈ మట్టిలో ఉన్న గుణం ఏమిటంటే, దానిలోని బంకమన్ను పొరలు పొరలుగా ఉంటుంది. ఆ జాతి ఖనిజాల్లో బాగా తెలిసినదానికి మాంట్‌మోరిలొనైట్ అని పేరు. ఫ్రాన్సులో మాంట్‌మోరియాన్ అనే ఊరి పేరు మీద 1847లో పెట్టారు. మడతకాజా పాకంలో వేస్తే పొరల మధ్యకి పాకం దూరి కాజా ఎలా ఉబ్బుతుందో, ఈ పొరల మధ్యకి నీళ్ళు దూరి మట్టి అలా ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకే తీరున లేచి ఒకే తీరున దిగితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఒక మూల తడిసి, ఇంకో మూల ఎండిపోయినప్పుడే గోడ చీలుతుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. బరువైన ఇల్లు కుంగుతుందని మనం అనుకుంటాం. రేగడి మీద ఎక్కువ అవస్థ పడేది తేలిక ఇల్లే. పైకి లేచే మట్టిని అదిమిపెట్టేంత బరువు దానికి ఉండదు మరి.

ఇదంతా నేను పుస్తకాల్లో చదువుకున్నది. మా నాయనమ్మ ఏ పుస్తకమూ చదవలేదు.

తాతయ్య ఇల్లు రాతి పునాది, ఇటుక గోడలు, దూలాల మిద్దె. వంటింటి దక్షిణపు గోడకి ఆనుకుని బావి, అంట్లు తోమే చప్టా. ఆ నీళ్ళు గోడ వెంటే పారి మూలన నిలిచేవి. ఆ మూలే, కిటికీ అంచు నుంచి పైకప్పు దాకా మెట్లు మెట్లుగా పగులు. ఏటా ఎండల్లో మేస్త్రీ వచ్చి సిమెంటు పెట్టి పూడ్చేవాడు. వానలొచ్చాక దాని పక్కనే ఇంకో పగులు వచ్చేది. ఎండలో విచ్చుకున్న పగులు వానకి దానంతటదే మూసుకోవాలి. అందులో సిమెంటు కూరితే మూసుకోవడానికి చోటుండదు, గోడ ఇంకోచోట విరగాల్సిందే. ఈ సంగతి నాకు ఈమధ్య తెలిసింది. నాయనమ్మ మాత్రం ప్రతిసారీ ఒక్కటే అనేది: "ముందు ఆ నీళ్ళకి దారి చూపించండ్రా."

"మేస్త్రీ కంటే నీకు ఎక్కువ తెలుసా?" అనేవాడు తాతయ్య. ఆ చప్టా దగ్గర రోజుకి రెండు పూటలా కూర్చునేది ఆవిడే. నీళ్ళు ఎటు పోతున్నాయో ఆవిడకి కాక ఎవరికి తెలుస్తుంది?

డాలస్‌లోనూ ఈ కథ కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడి మామూలు ఇళ్ళు నేలకి ఆనకుండా, పొట్టి స్తంభాల మీద నిలబడి ఉండేవి. ఈ ప్రాంతంలో బోడార్క్ అనే చెట్టు ఉంది, దాని చేవకి చెదలు పట్టదు, త్వరగా కుళ్ళదు. దాని మొద్దులు పాతి వాటి మీద దూలాలు వేసి ఇల్లు కట్టేవాళ్ళు. ఒక మూల కుంగితే ఇంటి కిందికి పాకి, జాకీతో కాస్త లేపి, మొద్దు కింద ఒక చెక్క దూర్చి వచ్చేవాళ్ళు. పునాది రిపేరు అంటే అదే. దాన్ని ఎవరూ తప్పుగా చూసేవాళ్ళు కాదు, మనం మిద్దె మీద సున్నం గచ్చు మళ్ళీ దిమ్మిస కొట్టించుకున్నంత మామూలుగా చేయించుకునేవాళ్ళు.

యుద్ధం అయ్యాక సైనికులు తిరిగొచ్చారు. 1944లో వచ్చిన చట్టం వాళ్ళకి ఇళ్ళ అప్పులు సులువు చేసింది. చవగ్గా, తొందరగా, వేలకి వేలు ఇళ్ళు కావాల్సొచ్చాయి. అప్పుడు పెరిగింది నేల మీద నేరుగా కాంక్రీటు పలక పోసి దాని మీద ఇల్లు కట్టే పద్ధతి. ఇప్పుడు ఇక్కడ మన ఇళ్ళన్నీ దాదాపు అవే. కింద పాకడానికి జాగా లేదు. నీళ్ళ పైపులు, డ్రైనేజీ పైపులు ఆ పలక కిందే. ఎండిన రేగడి మీద సన్నటి పలక పోస్తే ఏమవుతుందో ఒకటి రెండు దశాబ్దాల్లోనే జనానికి తెలిసొచ్చింది.

ఉబ్బే మట్టిని అమెరికాలో ఇంజనీర్లు మొదట కాగితం మీద పెట్టింది 1938లో అంటారు, ఆరెగన్ రాష్ట్రంలో ఒవైహీ అనే నీటి ప్రాజెక్టు దగ్గర ఒక ఉక్కు గొట్టం పునాది పైకి లేచినప్పుడు. అంతకుముందు కనపడిన పగుళ్ళన్నీ మేస్త్రీ తప్పనో, నాసిరకం సరుకనో అనుకునేవాళ్ళట. 1965లో ఇదే టెక్సస్‌లో, ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో, ఈ మట్టి గురించి మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1973లో ఇద్దరు ఇంజనీర్లు ఒక వ్యాసం రాశారు. వరదలు, తుఫాన్లు, టోర్నడోలు, భూకంపాలు అన్నీ కలిపి చేసే నష్టానికి రెండింతలకి పైగా ఈ మట్టి ఒక్కటే అమెరికాలో చేస్తోందని, ఏడాదికి 230 కోట్ల డాలర్లని లెక్క కట్టారు. టోర్నడో వస్తే టీవీలో చూపిస్తారు. తలుపు పట్టేస్తే ఎవరు చూపిస్తారు? అత్తగారింట్లో కష్టం లాంటిదే ఇదీ. చప్పుడు చెయ్యదు కాబట్టి లెక్కలోకి రాదు.

మన దేశంలోనూ ఆ పాటికే పని మొదలైంది. రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్ళు నల్లరేగడి కోసమనే ఒక రకం పైల్‌ని తయారు చేశారు. 'అండర్ రీమ్డ్ పైల్' అంటారు. బోరు వేసినట్టు సన్నగా గుంత తవ్వి, అడుగున మాత్రం దాన్ని గంటలా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. ఆ గంట వెడల్పు పై కాడకి దాదాపు రెండున్నర రెట్లు. సుమారు మూడున్నర మీటర్ల లోతున, ఎండా వానా తేడా తెలియని మట్టిలో అది కూర్చుంటుంది. పైన రేగడి ఉబ్బి లాగినా గంట పైకి రాదు. మనవైపు రేగడి నేలల్లో ఇల్లు కట్టించుకున్నవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది. మా తాతయ్య ఇల్లు కట్టేనాటికి అవి మా ఊరిదాకా రాలేదు.

ఈ చదువంతా నేను ఆ ఫిబ్రవరి రాత్రుల్లో పిల్లలు పడుకున్నాక చదివాను. చదువుతూ చదువుతూ ఇళ్ళు వదిలి గుళ్ళూ గోపురాలలోకి వెళ్ళిపోయాను. పునాది రిపేరు చేసినవాటిని లోకం అంతా డబ్బిచ్చి మరీ చూడ్డానికి వెళుతోందని అప్పుడు తట్టింది.

పీసా గోపురం సంగతి చూడండి. 1173లో మొదలుపెట్టారు, మూడో అంతస్తుకి వచ్చేసరికే ఒరగడం మొదలైంది. యుద్ధాల వల్ల దాదాపు వందేళ్ళు పని ఆగిపోయింది. ఆగబట్టే బతికింది అంటారు నిపుణులు, ఈలోగా కింద మట్టి గట్టిపడింది కనుక. 1934లో ముసోలినీ హయాంలో దాన్ని నిటారుగా చెయ్యాలని పునాదిలో 361 రంధ్రాలు వేసి సిమెంటు నీళ్ళు ఎక్కించారు. ఇంకా ఒరిగింది! మా ఊరి మేస్త్రీ సిమెంటే పెద్ద ఎత్తున. 1990లో గోపురం మూసేశారు.  ఒరగని వైపున, పునాది కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తీశారు. గోపురం తనంతట తానే వెనక్కి వచ్చి కూర్చుంది. 2001 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. పైభాగం సుమారు 45 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. చేసే రిపేరు మంచిది కావచ్చు, చెడ్డది కావచ్చు, రిపేరు అన్న మాట ఒక్కటే చూసి ఏం చెప్పగలం?

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంగ్లండులో వించెస్టర్ కెథెడ్రల్ కథ. ఆ చర్చి తూర్పు భాగాన్ని 13వ శతాబ్దంలో చిత్తడి నేల మీద దుంగలు పరిచి కట్టారు. 1900లు వచ్చేసరికి గోడలు చీలి, రాళ్ళు రాలడం మొదలైంది. పునాది దాకా తవ్వితే గుంతల్లో నీళ్ళు ఊరుతున్నాయి. నీళ్ళు తోడేస్తే కింద మెత్తటి మట్టి కూడా వచ్చేసి చర్చి మొత్తం కుప్పకూలుతుందని భయం. అప్పుడు విలియం వాకర్ అనే సముద్రపు డైవర్‌ని పిలిచారు. 1906 నుంచి 1911 దాకా ఆయన బరువైన డైవింగ్ దుస్తుల్లో ఆ బురద నీళ్ళలోకి దిగి, చేతులతో తడుముకుంటూ పునాది కింద కాంక్రీటు సంచులు పేర్చాడు. లోపల చీకటి. కళ్ళకి ఏమీ కనపడదు. 25,000 పైగా సంచులు! అడుగు గట్టిపడ్డాకే నీళ్ళు తోడి మిగతావాళ్ళు ఇటుక పని చేశారు. చర్చి నిలిచింది. తర్వాత ఆయన విగ్రహం ఒకటి పెట్టారు, తీరా చూస్తే ఆ మొహం ఆయనది కాదు, ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్‌ది! ఆ పొరపాటు దిద్ది కొత్త విగ్రహం పెట్టడానికి 2001 దాకా పట్టింది. అడుగున పని చేసినవాళ్ళ మొహాలు అంత తొందరగా గుర్తుండవు, ఏ ఇంట్లో అయినా.

మన రామప్ప గుడి కూడా ఈ వరసలోనిదే. 1213 నాటిది, కాకతీయుల కాలం. గోతిలో ఇసుక నింపి, దాని మీద గుడి నిలబెట్టారు. ఇసుక ఉబ్బదు, నీటిని పట్టి ఉంచుకోదు, భూమి కదిలితే కాస్త సర్దుకుంటుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఈ ఇసుక పునాది గురించి అందరూ చెప్పుకున్నారు. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపం శిథిలమైతే పురావస్తు శాఖవాళ్ళు రాయి రాయి విప్పదీసి, పునాది నుంచి మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. పదిహేనేళ్ళకి పైగా పట్టింది. 2024 మార్చిలో తెరిచారు. అత్తయ్య శివరాత్రికి అక్కడికి వెళ్ళొచ్చి ఫొటోలు పంపారు కూడా. "ఇది పునాది రిపేరు చేసిన గుడే అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వి, "గుడికి దేవుడున్నాడు, మీ ఇంటికి ఎవరున్నారు?" అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

సరే, ఆ ఫారం సంగతికి వస్తాను. టెక్సస్‌లో ఇల్లు అమ్మేవాళ్ళు తమకి తెలిసిన లోపాలన్నీ రాసి ఇవ్వాలన్న నియమం 1994 నుంచి అమల్లో ఉంది. కప్పు, పైపులు, చెదలు, వరద, పునాది, అన్నీ. అంతకుముందు చాలావరకు కొనేవాడి కళ్ళే కొనేవాడికి దిక్కు.

ఆ 1994 చూసి నేను నాన్నకి ఫోన్ చేశాను. మా ఊరి ఇల్లు అమ్మింది అంతకు ముందు ఏడాదే. మా మేనత్త పెళ్ళికి డబ్బు కావాల్సొచ్చి అమ్మారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సంక్రాంతి కాకుండానే ఇంటికి సున్నం వేశారని, శ్రావణ మాసంలో గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయని ఎగిరి గంతులు వేసినట్టు గుర్తు. కొనేవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని బేరం మాట్లాడుతున్నారు. కొనే ఆయన భార్య వంటిల్లు చూస్తానంటే నాయనమ్మ తీసుకెళ్ళింది. వాళ్ళ వెనకాలే నేనూ. నాయనమ్మ ఆ దక్షిణపు గోడ దగ్గర నిలబడి, గోటితో సున్నం గీకి, లోపలి పగులు చూపించింది. "చూశావా తల్లీ, ఇది ఏటా విచ్చుకుంటుంది. అంట్ల నీళ్ళు ఇటు రానీకు. ఆ చివర అరటి పాదుల్లోకి కాలవ తీయించుకో. అప్పుడు ఆగుద్ది" అంది.

ఆ రోజు బేరం అయిదు వేలు తగ్గింది. తాతయ్య రెండు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు.

ఫోన్లో ఇదంతా చెప్పి, "గుర్తుందా నాన్నా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఆ సున్నం కొట్టింది నేనేనే" అన్నాడు. "మీ తాత చెప్పాడు, నేను కొట్టాను. ఆ మూలకి రెండు పూతలు ఎక్కువ వేశా." నాకు ఆ సంగతి తెలియదు. ముప్ఫయ్యేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఏమనాలో తోచక, "ఇప్పుడు ఆ ఇల్లు ఉందా?" అనడిగాను. "ఉంది. బావి పూడ్చేశారు" అన్నాడు.

తర్వాత ఆయనే అన్నాడు, "ఇంటికి వెళ్ళినప్పుడు తలుపుల పై అంచు చూడు. రందా పట్టి ఏటవాలుగా కోసి ఉంటే, ఆ ఇల్లు కదులుతున్నట్టే."

మేం ఆ వారంలో ఇంకో ఇల్లు కూడా చూస్తున్నాం. 1994లో కట్టింది, పునాదికి ఏ రిపేరూ లేదని ఫారంలో ఉంది. కొత్త రంగు, కొత్త నేల, కళ్ళు చెదిరే వంటిల్లు. మావారికి అదే నచ్చింది. నేను చెప్పులు విప్పి, పిల్లాడి కుర్చీ ఎక్కి పడగ్గది తలుపు పై అంచు చూశాను. ఏటవాలుగా కోసి ఉంది. దాని మీద రంగు కూడా వేశారు. రెండో గదిదీ అంతే. ఏజెంటు నన్ను వింతగా చూసింది, చూస్తే చూసింది.

రెండిళ్ళకీ స్ట్రక్చరల్ ఇంజనీరుని పెట్టుకున్నాం. కొన్ని వందల డాలర్లు అదనం. కొనాలో వద్దో తేల్చుకోవడానికి ఇక్కడ కొద్ది రోజులు గడువు కొనుక్కోవచ్చు, ఆప్షన్ పీరియడ్ అంటారు, ఆ రోజుల్లోనే అన్నీ చూపించుకోవాలి. ఆయన ఒక పెట్టె, దానికో పొడుగాటి గొట్టం తెచ్చి గదిగదికీ నేల ఎత్తు కొలిచాడు. మన మేస్త్రీలు నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూస్తారే, అదే సూత్రం. కొత్త రంగు ఇంట్లో ఒక మూలకీ ఇంకో మూలకీ దాదాపు మూడు అంగుళాల తేడా. పడమటి పక్క కింద పైపు కారుతుండొచ్చు, పరీక్ష చేయించమన్నాడు. అమ్మేవాళ్ళు ఆ పరీక్షకి ఒప్పుకోలేదు. మేం అక్కడితో వదిలేశాం. ఆ ఇల్లు రెండు వారాల్లో ఎవరో కొనుక్కున్నారు. వాళ్ళకి ఎవరన్నా చెప్పారో లేదో, ఇప్పటికీ ఆ వీధిలో వెళ్ళినప్పుడు అనిపిస్తుంది. నేను చెప్పలేదు మరి.

రిపేరు చేసిన ఇంటి దగ్గర ఆ ఇంటావిడే ఉంది. డెబ్బై దాటిన పెద్దావిడ. అడగకముందే ఒక లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. 2011లో డాలస్‌లో 71 రోజులు నూరు డిగ్రీల పైన ఎండ కాసింది. ఆ ఎండకి దక్షిణం, పడమర మట్టి ఎండిపోయి కుంచించుకుని, ఇల్లు ఆ వైపు దిగింది. ఓక్ చెట్టు ఉన్న కాస్త తేమనీ పీల్చేసింది. ఫైల్లో అప్పటి ఇంజనీరు రిపోర్టు, గదుల మట్టాల మ్యాపు, ఏ పియరు ఎక్కడ వేశారో గీసిన బొమ్మ. పియరంటే ఇక్కడ ఒకదాని మీద ఒకటి పేర్చే అడుగు పొడవు కాంక్రీటు దిమ్మలు. ఇంటి బరువునే ఆధారం చేసుకుని జాకీతో వాటిని గట్టి మట్టి తగిలేదాకా కిందికి నొక్కుతారు, తర్వాత వాటి మీద ఇంటిని మెల్లిగా ఎత్తుతారు. ఎత్తినప్పుడు కింద పైపులు విరగొచ్చు. అందుకే ఎత్తాక డ్రైనేజీ పైపుల్లో నీళ్ళు నింపి మట్టం తగ్గుతోందా అని పరీక్షిస్తారు. ఆ పరీక్ష కాగితమూ ఉంది. రిపేరు చేసిన కంపెనీ వారంటీ కొత్త యజమాని పేరున మారుతుందని రాసి ఉంది. ఆ కంపెనీ ఇంకా నడుస్తోందా అని మావారు ఫోన్ చేసి కనుక్కున్నారు. నడుస్తోంది. ఇల్లు చేతులు మారిన కొద్ది రోజుల్లోనే కాగితం పంపి, రుసుము కట్టి వారంటీ మార్పించుకోవాలట. చాలామంది ఆ గడువు దాటేసి పోగొట్టుకుంటారని వాళ్ళే చెప్పారు.

మా ఇంజనీరు 2012 మ్యాపునీ తన మ్యాపునీ పక్కపక్కన పెట్టి చూశాడు. పన్నెండేళ్ళలో తేడా అరంగుళం లోపే. ఉత్తరం వైపు పియర్లు లేవు, ఆ వైపు ఎప్పటికైనా కదలొచ్చని మాత్రం దాచకుండా చెప్పాడు. అదీ రిపోర్టులో రాశాడు. మావారు ఆ వాక్యం మూడు సార్లు చదివారు.

నన్ను ఒప్పించింది మాత్రం మ్యాపులు కాదు. ఆ పెద్దావిడ నన్ను చిన్నగా చెయ్యి పట్టుకుని వంటింటి సామాన్ల గది దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపు పైన వెంట్రుకవాసి పగులు. దానికి అడ్డంగా పెన్సిలు గీతలు, పక్కన తేదీలు. 2013 నుంచి ఏటా రెండు గీతలు, ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి, గోడకి అడుగున్నర దూరంలో నేల మీద పరిచిన చిల్లుల నల్ల గొట్టం చూపించింది. జులై, ఆగస్టుల్లో ఇంటికి నీళ్ళు పెట్టాలి, మొక్కలకి పెట్టినట్టే, కానీ గోడకి తగిలించకూడదు, ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు, ఇంటి చుట్టూ ఒకే తీరున పెట్టాలి అని చెప్పింది. వాన నీళ్ళు కప్పు మీంచి పడే గొట్టాలన్నీ గోడకి దూరంగా పొడిగించి ఉన్నాయి. మాట ఇంగ్లీషు, మనిషి తెల్లావిడ, కానీ నాకు వినపడింది అరటి పాదులే.

ఉత్తరం వైపు సంగతి చూపించి ధర ఇంకాస్త తగ్గించమన్నాం. సగం తగ్గించారు. ఏప్రిల్లో పాలు పొంగించాం. అత్తయ్య రాలేదు, మోకాళ్ళ నొప్పి అన్నారు. వీడియోలో చూసి, పొంగిన వైపు తూర్పేనా అని అడిగారు. తూర్పే.

నాన్న మాత్రం జులైలో వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఇంటి చుట్టూ తిరిగి, ఒక్కో గొట్టం దగ్గరా ఆగి, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకున్నాడు. లోపలికి వచ్చి సామాన్ల గది తలుపు పైన గీతలు చాలాసేపు చూశాడు. "పెన్సిలు ఇవ్వు" అన్నాడు. కుర్చీ వేస్తే ఎక్కి, ఆ పెద్దావిడ ఆఖరి గీత కింద ఇంకో గీత గీసి, తేదీ తెలుగు అంకెల్లో వేశాడు.